గ్రీన్ కార్డ్ కంట్రీ క్యాప్ మీద రీసెర్చ్ పేపర్... మన ఇంటి కథే అయినప్పుడు ఆబ్జెక్టివ్‌గా ఎలా రాయాలి?

గుంటూరు_టు_డాలస్

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, 7వ తరగతి దాకా గుంటూరులో చదివి ఆ తర్వాత ఇక్కడికొచ్చేశా, టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి. డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజ్‌లో సెకండియర్. టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో మీరు నర్సింగ్ చదవండి కంప్యూటర్స్ చదవండి, గవర్నమెంట్ సబ్జెక్టు 6 క్రెడిట్లు లేకపోతే డిగ్రీ రాదు. ఈ సెమిస్టర్ నాకు ఫెడరల్ గవర్నమెంట్ కోర్సు, దాంట్లో 10 పేజీల రీసెర్చ్ పేపర్, 30 శాతం మార్కులు దానికే.

టాపిక్ కింద గ్రీన్ కార్డ్ కంట్రీ క్యాప్ తీసుకున్నా. మనవాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది, ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000, అందులో ఏ ఒక్క దేశం వాళ్ళకీ 7 శాతం దాటకూడదు, ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా అదే లెక్క. నాన్నది ఈబీ-2 (పెద్ద చదువులున్నవాళ్ళ కేటగిరీ), ప్రయారిటీ డేట్, అంటే లైన్లో చేరిన తేదీ, 2016. నాకు 19. 21 దాటితే హెచ్-4 (నాన్న వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) పోతుంది, నాన్న లైన్లోంచి నేను బయటికి, ఎఫ్-1 స్టూడెంట్ వీసా ఏదో నేనే చూసుకోవాలి. ఇంట్లో రోజూ రాత్రి అన్నం దగ్గర ఇదే గోల, నెల మధ్యలో, లైన్ ఎక్కడిదాకా కదిలిందో చెప్పే వీసా బులెటిన్ వచ్చిన రోజైతే అసలు టీవీ కూడా పెట్టరు.

నా ప్రపోజల్ టైటిల్ "కంట్రీ క్యాప్ ఎందుకు రద్దు చేయాలి". రాత్రి రెండింటిదాకా కూర్చుని రాశా, బాగా వచ్చిందనే అనుకున్నా. ప్రొఫెసర్ 100కి 62 వేసి పక్కన ఇలా రాశారు, ఇది పిటిషన్‌లా ఉంది పరిశోధనలా లేదు, నీ మాట తప్పు అని తేలాలంటే ఏం కనబడాలో ముందు చెప్పు, అని. ఆఫీస్ అవర్స్‌కి వెళ్తే మర్యాదగానే మాట్లాడారు కానీ "ఆబ్జెక్టివ్‌గా రాయి" అని నాలుగుసార్లు అన్నారు, ఎలాగో మాత్రం నాకు ఎక్కలేదు.

నా డౌట్లు ఏంటంటే, ఆబ్జెక్టివ్ అంటే నా అభిప్రాయం దాచేయాలా? చెరో ఐదు పేజీలు రెండు పక్కలకీ పంచాలా? లేకపోతే టాపిక్కే మార్చేయాలా? ఫ్రెండ్ ఏమో ఎలక్టోరల్ కాలేజ్ (ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే పద్ధతి) మీద రాసుకో, క్లాస్‌లో సగం మంది అదే రాస్తున్నారు, తలనొప్పి ఉండదు అంటోంది. డెడ్‌లైన్ ఇంకా అయిదు వారాలుంది. పొలిటికల్ సైన్స్ చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


అట్లాంటా_బాబాయ్

అమ్మాయ్, ఇందులో ఆబ్జెక్టివ్ ఏముంది తల్లీ, అన్యాయం అన్యాయమే. 140 కోట్ల దేశానికీ నాలుగు లక్షల దేశానికీ ఒకే కోటా పెట్టడం ఏ లెక్క? వాళ్ళ కాంగ్రెస్‌కి రిపోర్టులు రాసిచ్చే కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీసే 2020లో లెక్కేసి చెప్పింది ఈబీ-2లో ఇండియా వాళ్ళకి 195 ఏళ్ళు పడుతుందని, 195! మనవడి మనవడికి కూడా రాదు. ఏడు శాతం మీద ఒక్క కార్డు కూడా ఎక్కువ ఇవ్వరు ఈ మహానుభావులు. 2020 డిసెంబర్‌లో క్యాప్ తీసేసే బిల్లు సెనేట్‌లో పాస్ అయిందని వార్త వచ్చిన రాత్రి మా గ్రూపుల్లో ఒకటే ఫోన్లు, మా ఆవిడ అప్పటికప్పుడు రవ్వకేసరి చేసింది, తీరా జనవరి వచ్చేసరికి ఏమీ లేదు. ఇరవై ఏళ్ళుగా ట్యాక్సులు కడుతున్నాం, ఇంకా రెండోవైపు కూడా వినాలా మేము? మీ ప్రొఫెసర్ లైన్లో నిలబడి ఉంటే తెలిసేది ఆయనకి. నువ్వు నిజం రాయి, 62 వేసినా 52 వేసినా.


ఓరుగల్లు_పోరడు

చెల్లే, నేను పొలిటికల్ సైన్స్‌ల పీహెచ్‌డీ చేసిన, మిడ్‌వెస్ట్‌ల ఒక యూనివర్సిటీల నాలుగేండ్లు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉన్న, గిసొంటి ప్రపోజల్స్ వందల కొద్ది దిద్దిన కాబట్టి చెప్తున్న. టాపిక్ మార్చకు. ఎలక్టోరల్ కాలేజ్ మీద అందరూ రాసేది ఒకటే పేపర్, 2000ల గోర్‌కు 2016ల క్లింటన్‌కు ఓట్లెక్కువొచ్చి ఓడిన్రు కాబట్టి తీసెయ్యాలె అని, చదివీ చదివీ టీఏలకు నిద్రొస్తది. నీ దగ్గరున్నది మస్తు టాపిక్, నువ్వు అడిగిన ప్రశ్నే జర తేడా కొట్టింది.

"ఎందుకు రద్దు చేయాలి" అంటే అది "చేయాలా వద్దా" ప్రశ్న. దానికి ఆన్సర్ న్యాయం అంటే ఏంది అనే దాని మీద ఉంటది, ఎన్ని నంబర్లు తెచ్చినా తేలదు. దాన్ని "ఎందుకు కాలేదు" అని తిప్పు. చూడు. 2011 నవంబర్‌ల హెచ్.ఆర్. 3012 అని ఇదే క్యాప్ తీసేసే బిల్లు, యూటా రిపబ్లికన్ జేసన్ చాఫెట్జ్‌ది, కింది సభ హౌస్‌ల 389–15తోని పాస్ అయింది. పై సభ సెనేట్‌ల ఆగిపోయింది. 2019 జులై 10న హెచ్.ఆర్. 1044, కాలిఫోర్నియా డెమొక్రాట్ జో లాఫ్‌గ్రెన్‌ది, 365–65తోని పాస్. మళ్ళ సెనేట్‌ల శానా రోజులు ఇరుక్కుంది, చట్టం కాలే. పార్టీలు వేరు, హౌస్ చేతులు మారింది, ప్రెసిడెంట్ మారిండు, ఫలితం మాత్రం ఒకటే. ఇన్ని ఓట్లొచ్చిన బిల్లు చట్టం ఎందుకు కాలేదు? ఇది పరిశోధన ప్రశ్న. దీనికి ఆన్సర్ నీకిప్పుడు తెల్వది, మీ నాన్నకు తెల్వది, గందుకే నువ్వు ఎటు మొగ్గినా ఆన్సర్ నీ చేతిల ఉండదు. ఆబ్జెక్టివ్ అంటే నా లెక్కల ఇదే, నీ ఇష్టం ఏదైనా ఉండనీ, కానీ నీకు నచ్చని ఆన్సర్ వచ్చే దారి పేపర్ల తెరిచి పెట్టాలె. చెరి సగం పేజీలు పంచుడు కాదు. చెరి సగం పంచితే అది పెండ్లి భోజనాల వడ్డన అయితది, పేపర్ కాదు.

మీ సారు రాసిన "తప్పు అని తేలాలంటే ఏం కనబడాలి" అనేది తిట్టు కాదు, దారి చూపిచ్చిండు నీకు. ఎట్లంటే, ముందుగాల మూడు నాలుగు కారణాలు పోటీకి పెట్టు. ఒకటి, పార్టీ గొడవ. రెండు, సెనేట్‌ల ఒక్క మనిషి ఆపగలుగుడు. మూడు, లీడర్‌షిప్‌కు ఇది ముఖ్యం గాకపోవుడు, ఫ్లోర్ టైమ్, అంటే సభల చర్చకు టైమ్, ఇయ్యకపోవుడు. నాలుగు, బిల్లులనే ఉన్న గొడవ, అంటే మొత్తం కార్డులు పెంచకుంట లైన్ మారిస్తే ఒకరికి ముందు ఇంకొకరికి వెనుక. ఇప్పుడు ఒక్కోదానికి అడుగు, ఇది నిజమైతే రికార్డ్‌ల ఏం కనబడాలె?

పార్టీ సంగతి తీసుకో. అదే అసలు కారణమైతే ఒక పార్టీ ఇటు ఒక పార్టీ అటు ఉండాలె. సెనేట్ బిల్లు ఎస్. 386 తెచ్చింది మైక్ లీ, పక్కా కన్జర్వేటివ్, ఆయనతోని కలిసి సంతకం పెట్టింది అప్పటి సెనేటర్ కమలా హ్యారిస్. ఆపినోళ్ళు? 2019 జూన్‌ల కెంటకీ రిపబ్లికన్ ర్యాండ్ పాల్, సెప్టెంబర్‌ల జార్జియా రిపబ్లికన్ డేవిడ్ పెర్డ్యూ, అక్టోబర్‌ల ఇల్లినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్, తర్వాత ఫ్లోరిడా రిపబ్లికన్ రిక్ స్కాట్. ఇండ్ల పార్టీ గీత యాడుంది? కాబట్టి మొదటి కారణం పక్కకు పోయింది, నువ్వు పంపలే, రికార్డే పంపింది. పేపర్ల ఒక పేజీ అయిపాయె.

రెండోది జర ఆగి రాయాలె. సెనేట్‌ల బిల్లులు ఎక్కువగ యునానిమస్ కన్సెంట్ మీద నడుస్తయి, అంటే ఎవరూ కాదనకపోతే పాస్. నూర్మందిల ఒక్కడు లేచి అబ్జెక్ట్ అంటే ఆగుతది. అట్ల అంటనని ముందే లీడర్‌కు చెప్పి పెట్టుడే హోల్డ్. హోల్డ్‌ను దాటి మామూలు పద్ధతిల తేవాలంటే క్లోచర్, అంటే చర్చ ముగించి ఓటుకు తెచ్చుడు, కావాలె, 60 ఓట్లు, రోజుల కొద్ది ఫ్లోర్ టైమ్, గది ఇచ్చేది మెజారిటీ లీడర్, అప్పుడు మిచ్ మెకానెల్. చూసినవా, రెండో కారణం మూడో కారణం ఒకదాన్ల ఒకటి ఇరుక్కున్నయి. వీటిని విడదీసి చూపిస్తే నీకు "ఏ" గ్రేడ్ రాకపోతే నన్నడుగు.

బాబాయ్ గారికి రెండు మాటలు, కోపం తెచ్చుకోకున్రి. ఏడు శాతం మీద ఒక్కటి ఎక్కువ రాదు అనేది కరెక్ట్ కాదు, వేరే దేశాలోళ్ళు వాడుకోక మిగిలినయి లైన్ల ముందున్నోళ్ళకు పోవచ్చు, 2000ల చట్టం మార్చిన్రు. కోవిడ్ టైమ్‌ల కాన్సులేట్లు మూసుకుని ఫ్యామిలీ వీసాలు మిగిలితే 2022 ఫిస్కల్ ఇయర్‌ల ఎంప్లాయ్‌మెంట్ కోటా 2,81,507 అయింది, మామూలుకు రెట్టింపు, మనోళ్ళు దాంతోని మస్తుమంది బయటపడ్డరు. ఇగ 195 ఏండ్లు అనేది ఆ లైన్ల అప్పుడు కొత్తగ చేరేటోళ్ళకు వేసిన అంచనా, 2016ల చేరిన వీళ్ళ నాన్నకు వర్తించది. అదే రిపోర్ట్‌ల ఇంకో ముక్క గూడ ఉంది, క్యాప్ తీసేస్తే కొందరికి తగ్గి ఇంకొందరికి పెరుగుతది, మొత్తం బ్యాక్‌లాగ్ (పేరుకుపోయిన లైన్) మాత్రం తగ్గదు అని. మొదటి ముక్క రాసి రెండోది దాస్తే అప్పుడు అది పిటిషన్.


కువైట్_కడప

నేను మామూలుగా చదివి పోతా ఉంటా, ఈడ మాత్రం రాయాల్సొచ్చింది.

మా నాయన కడప నుంచి కువైట్‌కి పోయి ఇరవై రెండేళ్ళు డ్రైవర్‌గా చేసినాడు, మా అమ్మ కూడా ఆడే ఉండె కొన్నేళ్ళు, నేను ఆడ పుట్టినా. పాస్‌పోర్ట్ ఇండియాదే, ఇస్కూలు ఇంజనీరింగ్ అంతా కడపలోనే. అమెరికా వచ్చి ఈబీ-2 వేస్తే లాయరు బర్త్ సర్టిఫికెట్ చూసి నవ్వినాడబ్బా, నువ్వు ఇండియా లైన్లో లేవు పో అన్నాడు. కంట్రీ క్యాప్ లెక్క పౌరసత్వం మీద కాదు, పుట్టిన దేశం మీద. రెండేళ్ళలో కార్డు వచ్చింది నాకు. నా క్యూబ్ పక్కన కూర్చునేటోడు ప్రొద్దుటూరోడు, నా కన్నా ఆరేళ్ళు సీనియరు, వానికి ఇంగా రాలే. టీ తాగేటప్పుడు దాని గురించి మాట్లాడుకోము.

నేను ఎందుకు చెప్తాండానంటే పాపా, నువ్వు "రెండోవైపు" అని ఎవరినో ఊహించుకుంటాంటావు, ఇండియా వాళ్ళంటే పడనోళ్ళని. రెండోవైపు నేను కూడా ఉండా. 2019లో ఆ బిల్లు ఉన్నదున్నట్టు పాస్ అయ్యుంటే నా రెండేళ్ళు అయిదో ఏడో అయ్యేవి. అప్పుడు ఆఫీసులో ఇరాన్ నుంచి వచ్చిన ఒకాయన ఉండె, ఫిలిప్పీన్స్ నర్సులు మా ఆవిడ ఆస్పత్రిలో ఉండ్రి, వాళ్ళంతా ఆ బిల్లంటే భయపడ్నారు. చెడ్డోళ్ళు కాదు వాళ్ళు. ర్యాండ్ పాల్ చెప్పిన కారణం కూడా నర్సులే కదా. డర్బిన్ చెప్పింది ఏమంటే లైన్ మార్చద్దు, మొత్తం కార్డులు పెంచండి, భార్యాపిల్లల్ని ఆ 1,40,000లో లెక్కేయద్దండి, అని సొంత బిల్లు పెట్టినాడు, రిలీఫ్ యాక్ట్ అని. దాంట్లో కంట్రీ క్యాప్ కూడా తీసేయాలనే ఉంది. మన గ్రూపుల్లో మటుకు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆయన బిల్లు పాసయ్యే అవకాశం లేదని తెలిసే పెట్టినాడంటారు కొందరు, ఏమో, మనిషి మనసులో ఏముందో మనకేం తెలుసు, బిల్లులో ఏముందో అది చదివి రాయి.

నాకు మటుకు క్యాప్ పోవాలనే ఉంది, పక్కనోడిని రోజూ చూస్తాండా గదా. కానీ నా కార్డు నాకొచ్చినాక ఆ మాట అనేది సులభం.


పుస్తకాలపురుగు_ఎన్‌జే

న్యూజెర్సీలో ఒక కాలేజీ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్‌లో పనిచేస్తానండి. పద్ధతి సంగతి పైన బాబు చెప్పేశారు, నేను కాగితాల సంగతి చెప్తాను.

అమ్మా, మొదట కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లు నంబర్ కొట్టు, దాని కింద యాక్షన్స్ అని ఉంటుంది, ఏ రోజు ఏం జరిగిందో తారీఖులతో సహా. 365–65 దగ్గర ఆగి చదువు, అది సస్పెన్షన్ ఆఫ్ ది రూల్స్ అనే పద్ధతిలో జరిగిన ఓటు, అంటే చర్చ 40 నిమిషాలు, సవరణలు ఫ్లోర్ మీద పెట్టనివ్వరు, పాసవ్వాలంటే మూడింట రెండొంతులు కావాలి. ఇది నీ పేపర్‌కి ముఖ్యం ఎందుకంటే అంత పెద్ద మెజారిటీ వచ్చిందంటే అంతా దాన్ని లోతుగా చర్చించి ఒప్పుకున్నారని కాదు, గొడవ పడాల్సిన విషయాలు హౌస్‌లో అసలు బయటికే రాలేదేమో, సెనేట్‌కి వెళ్ళాక వచ్చాయేమో. వచ్చాయని నేననడం లేదు, చూడమంటున్నాను.

తర్వాత కాంగ్రెషనల్ రికార్డ్, సభల్లో జరిగింది అచ్చేసే అధికారిక పత్రం. వార్తల్లో "సెనేటర్ ఫలానా అడ్డుకున్నారు" అని ఒక్క ముక్క ఉంటుంది, రికార్డ్‌లో ఆ మనిషి లేచి ఏమన్నాడు, లీ తిరిగి ఏమన్నాడు మొత్తం ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, అందులో ఉన్నవన్నీ సభలో నోటితో అన్నవి కాదు, తర్వాత కాగితం ఇచ్చి చేర్చినవీ ఉంటాయి, సెనేట్ పేజీల్లో అలాంటి వాటికి పక్కన నల్లచుక్క ఉంటుంది, హౌస్ పేజీల్లో అక్షరాలు వేరే రకంగా ఉంటాయి. చూసుకోకుండా "సభలో అన్నారు" అని రాస్తే తప్పు.

కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ రిపోర్టులు ఒకప్పుడు బయటివాళ్ళకి అంత సులువుగా దొరికేవి కాదు, 2018 నుంచి అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తున్నారు. వాటిని భాష కోసం కూడా చదవమంటాను, ఇది చేయండి అది చేయండి అని చెప్పరు, ఇది చేస్తే ఇదవుతుంది అని రాసి వదిలేస్తారు. నీ పేపర్ గొంతు అలా ఉండాలి. క్రియాపదాల దగ్గర జాగ్రత్త, మనకి ఇష్టమైనవాళ్ళు "వివరించారు", ఇష్టం లేనివాళ్ళు "దబాయించారు" అని మనకి తెలీకుండానే వచ్చేస్తుంది. అందరికీ "అన్నారు" పెట్టేసి ఒకసారి మొత్తం చదువుకో, ఎక్కడెక్కడ చెయ్యి దురద పెడుతుందో నీకే తెలుస్తుంది.

లాబీయింగ్ గురించి రాయాలనుకుంటే, 1995 చట్టం కింద కంపెనీలు, సంఘాలు ఇచ్చే రిపోర్టులు ఉంటాయి, బిల్లు నంబర్ పెట్టి వెతకొచ్చు. కానీ అందులో మూడు నెలల మొత్తం ఖర్చు ఒకటే ఉంటుంది, ఏ బిల్లుకి ఎంత అని విడిగా ఉండదు. కాబట్టి ఫలానా కంపెనీ ఈ బిల్లు మీద ఇన్ని డాలర్లు పెట్టింది అని రాయలేవు, ఈ బిల్లు మీద కూడా లాబీ చేశామని చెప్పింది అని మాత్రమే రాయగలవు. పిల్లలందరూ పడేది ఈ గుంటలోనే.

చివరిది, చాట్‌జీపీటీని సైటేషన్లు అడగకు. పోయిన సెమిస్టర్‌లో ఒకబ్బాయి అయిదు ఆర్టికల్స్ లిస్ట్ తెచ్చి ఇవి ఎక్కడ దొరుకుతాయి మేడమ్ అన్నాడు, గంటసేపు వెతికాను, మూడు ఈ భూమ్మీద లేవు. పాపం వాడు డెడ్‌లైన్ రోజు రాత్రి వచ్చాడు.


అట్లాంటా_బాబాయ్

సరే ఓరుగల్లు బాబూ, ఏడు శాతం సంగతి నా పొరపాటే, 2022లో మా తోడల్లుడికి అలాగే వచ్చింది ఇప్పుడు గుర్తొచ్చింది. కానీ నాకొక్కటి చెప్పండి, అమ్మాయి తన పేపర్‌లో "మా నాన్న ఈ లైన్‌లో ఉన్నాడు" అని రాయాలా వద్దా? రాస్తే చూశావా సొంత గోడు అంటారు, రాయకపోతే దాచిందంటారు. కడప తమ్ముడూ, నీ కథ చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మా అన్నయ్య కొడుకు మస్కట్‌లో పుట్టాడు, వాడి సంగతి ఇలాగే.


ఓరుగల్లు_పోరడు

మంచి ప్రశ్న అడిగిన్రు. రాయాలె, ఒక్క వాక్యం, ముందుమాటల్నో ఫుట్‌నోట్‌ల్నో. నా కుటుంబం ఈ బ్యాక్‌లాగ్‌ల ఉంది అని, అంతే. తర్వాత పేపర్ మొత్తంల మళ్ళ దాన్ని ఎత్తొద్దు. చదివేటోడు నీ ఆధారాలను ఎట్ల జోకాలో వాడే జోకుకుంటడు. దాస్తే మటుకు మీ సారుకు ఎట్లాగూ తెలుసు కదా, ప్రపోజల్ చదివిండు.

ఇంకోటి మర్చిపోయిన. చెల్లే, 2011ది 2019ది పక్కపక్కన పెట్టి ఒక టేబుల్ చెయ్. బిల్లుల ఏముండె (రెండిట్ల గూడ ఎంప్లాయ్‌మెంట్ క్యాప్ తీసేసుడు, ఫ్యామిలీ క్యాప్ 7 నుంచి 15కు పెంచుడు ఉంది), ఎవరు ఆపిన్రు, ఏం అడిగిన్రు, ఏం ఇస్తే వదిలిన్రు, తర్వాత ఏమైంది. మధ్యల 2018ల ఒకటున్నది, కాన్సాస్ రిపబ్లికన్ కెవిన్ యోడర్ హౌస్ అప్రాప్రియేషన్స్ కమిటీల ఇదే విషయాన్ని ఖర్చుల బిల్లుకు సవరణగ తగిలిచ్చిండు, కమిటీల వాయిస్ వోట్‌తోని ఒప్పుకున్నరు. 2017ల మన తెలుగు ఇంజనీర్‌ను కాల్చి చంపిన ఒలేతే ఆయన నియోజకవర్గంల ఊరే. అది చట్టం గాలే, ఆ నవంబర్‌ల ఆయన ఓడిపోయిండు గూడ. నీ పేపర్‌కు రెండు కేసులు చాలు, దీన్ని ఒక పేరల చెప్పి ముందుకు పో. 10 పేజీలల్ల మూడు కేసులు పెడితే ఏదీ సరిగ్గ రాదు.

ఆ టేబుల్‌ల "ఏం ఇస్తే వదిలిన్రు" అనే గడి నింపేటప్పుడు జర మెల్లగ చదువు. నేను చెప్ప, నువ్వే చూడు.


గుంటూరు_టు_డాలస్

అందరికీ చాలా థ్యాంక్స్, పది రోజులు కనబడలేదని తిట్టుకోకండి, మిడ్‌టర్మ్స్.

ఓరుగల్లు అన్నా, ఆ గడి నింపా. 2011లో ఆపింది అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ, 2012 జులైలో హోల్డ్ తీసేశారు, ఎందుకంటే హెచ్-1బీ మీద కట్టుదిట్టం పెంచే మాటలు బిల్లులో చేరుస్తామని ఒప్పందం కుదిరింది. అయినా అది సెనేట్‌లో పాస్ కాలేదు. 2019-20లో చూస్తే పాల్ నర్సుల గురించి, డర్బిన్ పాతవాళ్ళకి నష్టం రాకుండా ట్రాన్సిషన్, హెచ్-1బీ కంపెనీల మీద రూల్స్, స్కాట్ చైనా కమ్యూనిస్ట్ పార్టీ, మిలిటరీ సంబంధాలున్నవాళ్ళ మీద ఆంక్ష, ఒక్కొక్కళ్ళూ ఒక్కోటి అడిగారు, లీ ఒక్కోటీ చేరుస్తూ వెళ్ళారు, చివరికి 2020 డిసెంబర్ 2న ఎవ్వరూ అబ్జెక్ట్ చేయలేదు, పాస్ అయిపోయింది. బాబాయ్ గారింట్లో రవ్వకేసరి అదే రోజు. కానీ అప్పటికి ఆ బిల్లు హౌస్ పాస్ చేసిన బిల్లు కాదు. రెండూ ఒకే మాట మీదకి రావాలి, హౌస్‌లో కొత్త షరతులు నచ్చనివాళ్ళున్నారు, 2021 జనవరి 3తో ఆ కాంగ్రెస్ అయిపోయింది, రెండు బిల్లులూ దాంతోపాటే పోయాయి.

నేను మొదటినుంచీ హోల్డ్ అంటే ఆపడం అనుకున్నా, వీళ్ళు బేరానికి పెట్టారు. ఇక్కడే నాకు ఒకటి తట్టింది, సెనేట్‌లో దారి తెరవడానికి ఏవైతే చేర్చారో అవే హౌస్‌లో దారి మూశాయి. ఇది నా థీసిస్. కరెక్టో కాదో ఇంకా తెలీదు, 2012లో హోల్డ్ తీశాక కూడా సెనేట్ ఎందుకు ఎత్తుకోలేదో నా థీసిస్ చెప్పట్లేదు, దాన్ని అలాగే పేపర్‌లో రాసేశా, ఇది నా వివరణకి సరిపోవడం లేదు అని. రాస్తుంటే చెయ్యి రాలేదు నిజంగా. ఇంకా 2022 డిసెంబర్‌లో ఈగిల్ యాక్ట్ అని, ఇదే క్యాప్ తీసేసే ఇంకో బిల్లు, హౌస్‌లో ఓటింగ్‌కి పెడతామని చెప్పి చివరి నిమిషంలో వెనక్కి తీసుకున్నారట, అక్కడైతే సెనేట్ గొడవే లేదు, హౌస్‌లోనే ఆగింది. అది కూడా నా థీసిస్‌కి ఎదురే, చివరి పేజీలో పెడుతున్నా.

కువైట్ అన్నా, మీరు చెప్పిన పుట్టిన దేశం పాయింట్ నాకు అస్సలు తెలీదు, నాన్నకి చెప్తే ఆయనకీ తెలీదు, మా అమ్మమ్మ వెంటనే "నిన్ను కూడా ఎక్కడో కనుంటే పోయేది" అని అమ్మనన్నది. మీ కథ పేపర్‌లో వాడట్లేదు, పేరు లేకుండా అయినా సరే, ఫోరంలో ఎవరో చెప్పారంటే ప్రొఫెసర్ మళ్ళీ 62 వేస్తారు.

లైబ్రరీ మేడమ్, "అన్నారు" టెక్నిక్ చేశా. మొదటి డ్రాఫ్ట్‌లో డర్బిన్ మూడుసార్లు "మొండికేశారు", ఒకసారి "సాకు చెప్పారు". లీ అన్నిసార్లూ "వివరించారు".

కొత్త ప్రపోజల్ పంపా. ప్రొఫెసర్ మార్కులు వేయలేదు, పక్కన ప్రశ్నార్థకం ఒకటి పెట్టి, 2012 సంగతి ఇంకొంచెం చూడు, ఎలక్షన్ సంవత్సరం అని రాశారు. అప్పట్లో సెనేట్ మెజారిటీ లీడర్ హ్యారీ రీడ్ కదా, ఆ ఆరు నెలలు ఫ్లోర్ మీద ఏమేం తెచ్చారో ఎక్కడ దొరుకుతుంది మేడమ్, సెనేట్ క్యాలెండర్‌లోనా డైలీ డైజెస్ట్‌లోనా?


పుస్తకాలపురుగు_ఎన్‌జే

డైలీ డైజెస్ట్, అమ్మా. కాంగ్రెషనల్ రికార్డ్ ప్రతి సంచిక చివర ఉంటుంది, ఆ రోజు ఏం జరిగిందో రెండు మూడు పేజీల్లో. జులై నుంచి మొదలుపెట్టు, ఆగస్ట్‌లో వాళ్ళకి సెలవులు కాబట్టి నువ్వనుకున్నంత ఎక్కువ ఉండదు.